నాలుగు గాట్ల కడాయి

పోయిన దీపావళికి మేము విరూర్ వెళ్లినప్పుడు ఇంట్లో ఒకటే చర్చ. పాత ఇల్లు పంచుకోవాలి. పెద్దబాపు వాటా ఎంత, కాక వాటా ఎంత, మా నాన్న వాటా ఎంత అని కాగితాలు రాస్తున్నారు. భూమి తేలింది, ఇల్లు తేలింది, బావి కూడా తేలింది. చివరికి పశువుల కొట్టం వెనక బోర్లించి ఉన్న పెద్ద ఇనుప కడాయి దగ్గర మాట ఆగింది. పాత ఇనుము కొనేవాడు వచ్చి తూకం లెక్కన ధర చెప్పి పోయాడు. "మూడు భాగాలు చేస్కుంటే అయిపోతది" అన్నారు ఎవరో. బాపమ్మ మాత్రం మంచం మీద నుంచే, "గది మూడు భాగాలు గాదు" అన్నది. ఎందుకో ఆ రోజు చెప్పలేదు.

మాకు ఆ మాట మనసులో పడిపోయింది. మేము సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాళ్లం. ఎవరైనా "ఇది ఇట్లా కాదు" అంటే ఎందుకు కాదో కనుక్కునేదాకా నిద్ర పట్టదు. అందుకే ఈసారి మన ఇంటి చరిత్రలో మనుషుల గురించి కాకుండా ఒక కడాయి గురించి రాస్తున్నాం. మా చదువు అంతా కన్నడ మీడియంలో జరిగింది కాబట్టి తెలుగులో తప్పులుంటే పెద్దలు సర్దుకోవాలి.

మూడు భాషల్లో ఒకటే పాత్ర

అది బెల్లం వండే కడాయి. విరూర్‌లో మన ఇంట్లో కడాయి అనే అంటారు. అనకాపల్లి వైపు దాన్నే పెనం అంటారు. మరాఠీలో కాహీల. నాన్న ఉద్యోగం వల్ల మేము పెరిగింది మండ్య జిల్లాలో. అక్కడ చెరకు ఆడి బెల్లం వండే చోటును ఆలెమనె అంటారు, వండే పాత్రను కొప్పరిగె అంటారు. తెలుగులో పెద్ద కాగుకు కొప్పెర అనే పాత మాట ఉందని తెలిసినప్పుడు మాకు చాలా సంతోషమైంది. మేము చిన్నప్పుడు బడి వదలగానే వెళ్లి వేడి వేడి బెల్లం ఆకులో పెట్టించుకుని తిన్న ఆ కొప్పరిగె, విరూర్ కొట్టం వెనక ఉన్న కడాయి, రెండూ ఒకే వంశం అన్నమాట.

కెనడాలో ఒంటారియోలో ఉంటున్న మా చిన్నక్క ఫోటో చూసి, "ఇలాంటి పనే ఇక్కడ మార్చిలో చేస్తారే" అన్నది. అక్కడ మేపుల్ చెట్టుకు చిన్న రంధ్రం పెట్టి కారే నీళ్లు పట్టుకుని, వెడల్పాటి పళ్లాల్లో మరిగించి పాకం తీస్తారు. చెట్టు వేరు, చలి వేరు, పని ఒకటే. తీపి నీళ్లలో నుంచి నీళ్లను పంపించేసి తీపిని మిగుల్చుకోవడం.

లెక్క చూస్తే తేడా తెలుస్తుంది. మేపుల్ నీళ్లలో చక్కెర నూటికి 2 పాళ్లు. అందుకే సుమారు 40 లీటర్లు మరిగిస్తే ఒక లీటరు పాకం వస్తుంది. చెరకు రసంలో కరిగి ఉన్న తీపి నూటికి 18 పాళ్ల చుట్టూ ఉంటుంది. అంటే చెరకు రైతు అదృష్టవంతుడే. ఇంకో సంగతి కూడా ఉంది. మేపుల్ పాకాన్ని నీళ్లు మరిగే వేడికి ఇంకో 4 డిగ్రీలు పైన, అంటే 104 సెల్సియస్ దగ్గర దించేస్తారు. మన చెరకు రసాన్ని కూడా 105, 106 దగ్గర దించితే గడ్డ కట్టదు, పాకంగానే ఉంటుంది. మరాఠీవాళ్ల కాకవి, కన్నడంవాళ్ల జోనిబెల్ల అదే. అచ్చు బెల్లం కావాలంటే 118 నుంచి 120 దాకా పోవాలి. ఆ చివరి పన్నెండు, పదిహేను డిగ్రీలలోనే కడాయి మంచిదా చెడ్డదా తెలిసిపోతుంది.

లోతు కాదు, వెడల్పు

బెల్లం కడాయి ఎందుకంత వెడల్పుగా, లోతు లేకుండా ఉంటుంది? ఎక్కువ రసం పట్టాలంటే లోతైన కాగు చేయొచ్చు కదా? మేము కూడా మొదట అట్లాగే అనుకున్నాం.

వేడి అడుగు నుంచి వస్తుంది, ఆవిరి పై నుంచి పోతుంది. అడుగు వెడల్పుగా ఉంటే మంట ఎక్కువ తగులుతుంది, పై ముఖం వెడల్పుగా ఉంటే ఆవిరికి దారి ఎక్కువ. లోతైన కాగులో అదే రసం గంటల తరబడి కాగుతుంది. ఎక్కువసేపు కాగితే రంగు నల్లబడుతుంది. అంతకంటే పెద్ద నష్టం, చెరకు చక్కెర కొంత విరిగి గడ్డ కట్టని చక్కెరగా మారిపోతుంది. అప్పుడు ఎంత వండినా బెల్లం జిగటగానే ఉంటుంది, అచ్చు నిలవదు. ఆడిన రసాన్ని రాత్రికి ఉంచకుండా వెంటనే పొయ్యి ఎక్కించేది కూడా ఇందుకే.

విరూర్ కడాయిని మేము టేపు పెట్టి కొలిచాం. అడుగు ఐదున్నర అడుగుల వెడల్పు, దాదాపు చదునుగా ఉంది. గోడ అడుగున్నర ఎత్తు. అందులో ఆరంగుళాల మేర రసం పోస్తే సుమారు 330 లీటర్లు. మిగతా అడుగు ఎత్తు ఖాళీగా ఎందుకంటే నురగ కోసం. చెరకు రసం పొంగినప్పుడు పాలకంటే మోసం చేస్తుంది. ఆ 330 లీటర్ల రసం నుంచి 290 కిలోల దాకా నీళ్లు ఆవిరై పోతే సుమారు 65 కిలోల బెల్లం మిగులుతుంది. అంత రసం కోసం ఎద్దుల గానుగలో అటు ఇటుగా 600 కిలోల చెరకు ఆడాలి.

ఈ లెక్క వేసినప్పుడే మాకు మొదటి అనుమానం వచ్చింది. రెండెకరాల బావి పొలం ఉన్న ఒక ఇంటికి ఇంత కడాయి ఎందుకు? ఒక ఇంటి మనుషులు చెరకు కొట్టి, ఆడి, పొయ్యికి పిప్పి వేస్తూ, నురగ తీస్తూ, చివరికి ఈ బరువును దించగలరా?

కుండ నుంచి ఇనుప రేకు దాకా

అంతకుముందు ప్రపంచమంతా ఈ పని ఎట్లా చేసిందో కొంచెం చూద్దాం. కెనడా, అమెరికా ఆదివాసులు మేపుల్ నీళ్లను బెరడు తొట్లలో పోసి, కాల్చిన రాళ్లు వేసి మరిగించేవారు. యూరప్ నుంచి వచ్చినవాళ్లు ఇనుప కాగులు తెచ్చారు. కరీబియన్ దీవుల చెరకు తోటల్లో ఒకే పొగగొట్టం మీద పెద్ద నుంచి చిన్న దాకా కాగులు వరుసగా పెట్టి, బానిసల చేత రసాన్ని ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి గరిటెలతో పోయించేవారు. జమైకా ట్రైన్ అని దానికి పేరు. ఎంతమంది చేతులు, ఒళ్లు కాలి ఉంటాయో ఊహించుకోవచ్చు. న్యూ ఓర్లీన్స్‌లో 1806లో పుట్టిన నార్బర్ట్ రిలియూ ఆ పద్ధతిని మార్చాడు. ఆయన తల్లి నల్లజాతి స్త్రీ, తండ్రి తెల్లవాడు. ఒక పాత్ర ఆవిరితో ఇంకో పాత్రను మరిగించే యంత్రానికి ఆయన 1840లలో పేటెంట్లు తీసుకున్నాడు. నేటి చక్కెర ఫ్యాక్టరీలన్నీ ఆ దారిలోనే నడుస్తున్నాయి. 1858లో ఒహాయోలో కుక్ అనే ఆయన చదును పళ్లానికి అడ్డుగోడలు పెట్టాడు. ఒక మూల పోసిన రసం మెలికలు తిరుగుతూ ఇంకో మూలకు చేరేసరికి పాకం అవుతుంది. చిన్నక్క ఫోటోలో ఉన్న మేపుల్ పళ్లెంలో కూడా అట్లాంటి అడ్డుగోడలే కనిపించాయి.

మన దేశంలో మార్పు గానుగతో మొదలైంది. 1870లలో బీహార్‌లోని బిహియాలో థామ్సన్, మిల్న్ అనే ఇద్దరు ఇనుప రోలర్ల గానుగ చేసి రైతులకు అద్దెకు ఇచ్చారు. రాతి గానుగ, కర్ర గానుగ కంటే దాంట్లో రసం తొందరగా దిగుతుంది. రసం తొందరగా వస్తే చిన్న పాత్రలు చాలవు. ఇనుప రేకు కడాయికి గిరాకీ అక్కడే పెరుగుతుంది. ఉత్తరాన రోహిల్‌ఖండ్‌లో ఒకే పొయ్యి మీద వరుస కడాయిలు పెట్టే పద్ధతి ఉండేది, దాన్ని బేల్ అంటారు. ఆ ప్రాంతపు వ్యవసాయ శాఖలో పనిచేసిన సయ్యద్ మహమ్మద్ హాదీ దాన్ని బాగుచేసి, 1902లో సంయుక్త పరగణాల చక్కెర పరిశ్రమ మీద పుస్తకం రాశాడు. మన తెలుగు నేల మీద అనకాపల్లిలో చెరకు పరిశోధన కేంద్రం 1913లో మొదలైంది.

మరి మన విరూర్‌లో ఒక్క కడాయే ఎందుకు? వరుస కడాయిల్లో కట్టెలు, పిప్పి తక్కువ ఖర్చవుతాయి, అది నిజం. ముందున్న దాంట్లో పాకం తయారవుతుంటే, వృథాగా పోయే వేడికి వెనకున్న రసం కాగుతూ ఉంటుంది. కానీ దానికి రసం ఆగకుండా రావాలి. ఒక్క కడాయి ఖాళీగా ఉన్నా కింద మంట ఉంటే మాడిపోతుంది. కొద్దిపాటి చెరకు, రెండు జతల ఎద్దులు, నెలన్నర సీజన్ ఉన్న ఊరికి ఒక్క కడాయే సరి. ఒక వంట, దించడం, కడగడం, మళ్లీ వంట. కొనేటప్పుడు చూడాల్సింది ఏది గొప్ప కడాయి అని కాదు, గంటకు మన గానుగ ఎంత రసం ఇస్తుంది అని. కడాయి గానుగకు తగ్గట్టు ఉండాలి, గానుగ ఎద్దులకు తగ్గట్టు ఉండాలి.

పొయ్యి మీద కూర్చోబెట్టడం

కడాయి కొనడం సగం పనే. కూర్చోబెట్టడం మిగతా సగం. బాపమ్మ చెప్పింది, మండ్యలో మేము చూసింది కలిపి రాస్తున్నాం.

పొయ్యి భూమిలోకి తవ్వుతారు. ఒక పక్క పిప్పి వేసే నోరు, దానికి ఎదురు పక్క పొగగొట్టం. గాలి వచ్చే దిక్కుకు నోరు ఉంటే మంట తనంతట తానే లోపలికి లాగుతుంది. చెరకులోని గొప్పతనం ఏమిటంటే పొయ్యికి కట్టెలు కొనక్కర్లేదు, ఎండబెట్టిన పిప్పే చాలు.

కడాయి అడుగుకు మంట తగలాలి, గోడకు తగలకూడదు. రసం ఉన్నంత ఎత్తు వరకే వేడి ఉండాలి. దాని పైన గోడ కాలితే, అక్కడ అంటిన నురగ మాడి బెల్లం అంతా చేదవుతుంది. అందుకే కడాయిని రసం మట్టం దగ్గరే పొయ్యి అంచు మీద కూర్చోబెట్టి చుట్టూ మట్టితో మెత్తుతారు. పొగ ఎక్కడా బయటికి రాకూడదు.

తర్వాత మట్టం. మట్టం చూడటానికి నీళ్లే పరికరం. రెండు వేళ్ల నీళ్లు పోసి చుట్టూ చూస్తే ఎటు వాలిందో తెలుస్తుంది. చివర్లో పాకం పలచటి పొరగా మిగులుతుంది కాబట్టి వాలు ఉంటే ఒక పక్క ఎండి మాడుతుంది, ఇంకో పక్క పచ్చిగా ఉంటుంది. మా వృత్తిలో తప్పులు ఎప్పుడూ హద్దుల దగ్గరే దొరుకుతాయి. కడాయిలో కూడా అంతే, అంచు దగ్గరే.

వండేటప్పుడు కొద్దిగా సున్నపు తేట, దంచిన బెండ మొక్క జిగురు వేస్తే మడ్డి పైకి తేలుతుంది, తీసేస్తారు. పొంగు మీదికి వస్తే ఒక చుక్క ఆముదం. నురగ టక్కున కూర్చుంటుంది. మేపుల్ వండేవాళ్లు పాతకాలంలో ఇదే పనికి కడాయి పైన పందికొవ్వు ముక్క వేలాడదీసేవారు, ఇప్పుడు వెన్న వేస్తారు. ఎవరూ ఎవరికీ నేర్పలేదు, అయినా ఇద్దరికీ అదే తట్టింది.

ఇక ఇనుము సంగతి. ఇనుప కడాయిలో బెల్లం రంగు ముదురుతుంది, రసంలోని పదార్థాలు ఇనుముతో కలిసి నల్లబడతాయి కాబట్టి. అందుకే ఇప్పుడు స్టీలు కడాయిలు వచ్చాయి. పాత కడాయి దొరికితే ఇంకో జాగ్రత్త. అతుకుల్లో సీసం కలిసిన టంకం ఉండొచ్చు. మేపుల్ వండేవాళ్లు కూడా పాత పళ్లాలను ఇందుకే పక్కన పెట్టేస్తున్నారు. విరూర్ కడాయిలో ఎక్కువ అతుకులు మేకులు కొట్టి వేసినవే, కానీ ఒక చోట టంకం లాంటిది కనిపించింది. "సంక్రాంతికి ఇందులో బెల్లం వండుదాం, వీడియో తీద్దాం" అని పిల్లలు చాలా సరదా పడ్డారు. మేము వద్దన్నాం. కావాలంటే నీళ్లు కాచి చూద్దాం, తినేది మాత్రం వద్దు. అందరికీ కోపం వచ్చింది. అయినా తెలియని అతుకును "పాస్" అని రాసే అలవాటు మాకు లేదు.

కడాయి కదలలేదు, రాష్ట్రం కదిలింది

కాజీపేట, బల్లార్షా మధ్య రైలు మార్గం 1929లో పూర్తయింది. విరూర్ ఆ లైను మీద చిన్న స్టేషను. దక్షిణానికి పోతే మాకుడి, సిర్పూర్ టౌన్, కాగజ్‌నగర్. కడాయి గూడ్సు బండిలో వచ్చిందని, స్టేషను నుంచి ఎడ్ల బండి మీద తెచ్చారని బాపమ్మ తన అత్తగారి నోట విన్నది. అప్పుడు రాజురా తాలూకా నిజాం రాజ్యంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. దస్తావేజులు ఉర్దూలో. 1956లో రాష్ట్రాలు మారినప్పుడు రాజురాను నాందేడ్ జిల్లాలో కలిపారు. 1959లో చాందా జిల్లాకు ఇచ్చారు, ఇప్పటి చంద్రపూర్ అదే. 1960 మేలో మహారాష్ట్ర ఏర్పడింది. మన ఇల్లు ఒక్క అడుగు జరగలేదు. తాత చేతిలో కాగితాలు మాత్రం ఉర్దూ నుంచి మరాఠీకి మారాయి. ఇంట్లో మాట తెలుగే.

అదే కాలంలో బెల్లం పొయ్యికి ఇంకో పోటీ పెరిగింది. నిజాం సాగర్ నీళ్లతో పండే చెరకు కోసం బోధన్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. మేము పెరిగిన మండ్యలో అంతకు కొన్నేళ్ల ముందే, 1933లో మైసూర్ షుగర్ కంపెనీ ఏర్పడింది. దాని వెనక ఉన్న లెస్లీ కోల్‌మన్ పుట్టింది ఒంటారియోలో, మేపుల్ చెట్ల దేశంలో. చిన్నక్కకు ఈ సంగతి చెబితే, "అయితే మనం మారకం చేసుకున్నాం, ఆయన అటు, నేను ఇటు" అని నవ్వింది. చెరకు విస్తారంగా ఉన్నచోట ఫ్యాక్టరీ పక్కనే ఆలెమనె కూడా బతికింది. విరూర్ లాంటి చోట చెరకే కొద్దిగా. బావిలో నీళ్లు తగ్గాయి, పత్తి లాభం అనిపించింది, గానుగ ఆగింది. కడాయి పశువుల కుడితి తొట్టి అయింది. 2015లో చంద్రపూర్ జిల్లాలో మద్యనిషేధం పెట్టినప్పుడు, ఇంత పెద్ద పాత్ర ఎందుకుందని ఎవరైనా అడుగుతారేమోనని పెద్దబాపు దాన్ని బోర్లించేశాడు. 2021లో నిషేధం ఎత్తేశారు, కడాయిని మాత్రం ఎవరూ తిప్పలేదు.

గాట్లు

ఆ దీపావళి మూడో రోజు మేమందరం కలిసి కడాయిని వెల్లకిలా తిప్పాం. కొబ్బరి పీచుతో అంచు తోమాం. నాలుగు దిక్కులా నాలుగు కడేలు ఉన్నాయి, ఎత్తడానికి. ఒక్కో కడెం కింద ఉలితో కొట్టిన గాట్లు కనిపించాయి. ఒక దాని కింద ఒకటి, ఇంకో దాని కింద రెండు, తర్వాత మూడు, నాలుగు. మొదట మేము అవి తయారుచేసినవాడి గుర్తులు అనుకున్నాం. ఫోటో తీసి బాపమ్మకు చూపించాం.

"అవి ఇండ్ల గుర్తులు బిడ్డా" అన్నది. "ఒక్క గీత మనది. రెండు గీతలు మరాఠోల్లది. మూడు గోండు పటేలోల్లది. నాలుగు వడ్లోల్లది. పాకం దించెటప్పుడు ఎవని కడెం వాడే పట్టాలె. జాగా మారితే అడుగు తప్పుతది, కాళ్లు కాల్తయ్. మనొక్కలతోని లేస్తదా గది?"

120 డిగ్రీల పాకం ఉన్న కడాయిని పొయ్యి మీద నుంచి దించడానికి ఉండే సమయం చాలా తక్కువ. ఆలస్యమైతే మాడుతుంది. నలుగురూ ఒకేసారి లేపాలి, ఒకేసారి నడవాలి, దోనెలోకి ఒకేసారి వంచాలి. కడాయి నాలుగిళ్ల డబ్బుతో వచ్చింది, వడ్లవాళ్లు మాత్రం డబ్బుకు బదులు చెక్క దోనె చేసి ఇచ్చారట. వంతులవారీగా ఒక్కో ఇంటి చెరకు ఒక్కో రోజు ఆడేవారు. మనం ఇన్నాళ్లూ "తాతగారి కడాయి" అని గొప్పగా చెప్పుకున్నది నాలుగో వంతే మనది. మా మొదటి అనుమానానికి జవాబు దొరికింది కానీ, కొంచెం సిగ్గు కూడా వేసింది.

ఆ సాయంత్రం పెద్దబాపు, మేము కలిసి మిగతా ఇళ్లకు వెళ్లాం. రెండిళ్లవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. ఇంకో ఇంటివాళ్లు బల్లార్‌పూర్‌లో ఉంటే ఫోన్ చేశాం. పాత ఇనుము ధర చెప్పాం, నాలుగో వంతు ఇస్తామన్నాం. గోండు పటేల్ ఇంటి పెద్దాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మరాఠీలో, మా కడెం ఇంకా గట్టిగా ఉందా అని అడిగాడు. ఉందని చెప్పాం. అయితే అమ్మకండి అన్నాడు. బల్లార్‌పూర్ నుంచి కూడా అదే మాట వచ్చింది. మరాఠీ ఇంటివాళ్లు మాత్రం, మీ ఇష్టం, మాకు డబ్బు అయినా సరే అన్నారు. అది కూడా న్యాయమైన మాటే, వాళ్ల హక్కు అది.

ఇప్పటికి తేలింది ఇంతే. కడాయిని కోయలేదు, అమ్మలేదు. పంపకం కాగితంలో చివర ఒక వాక్యం మరాఠీలో రాయించారు, కడాయి ఈ పంపకంలో లేదు, అది నాలుగిళ్లది అని. బాపమ్మకు చదివి వినిపిస్తే, "గిప్పుడు సరైంది" అన్నది.

ఊరికి దూరంగా ఉన్న మన తెలుగు ఇళ్లలో ఇలాంటివి ఇంకా ఉంటాయి. గానుగ రోలర్లు, పెనాలు, దోనెలు. తూకానికి వేసేముందు ఒక్కసారి బోర్లించి, వెల్లకిలా తిప్పి, అంచు తోమి చూడండి. అడుగు వెడల్పు, లోతు కొలిచి రాసి పెట్టుకోండి. కడేలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఆ పాత్రను ఎంతమంది కలిసి ఎత్తేవారో, అది ఎన్ని ఇళ్లదో ఆ కడేలే చెబుతాయి.